సూపర్ కంప్యూటర్ క్యూలో ముందు వంతు ఎవరికి?

న్యూఢిల్లీ: దేశంలో సూపర్ కంప్యూటర్ల సంఖ్య ఏటేటా పెరుగుతున్నప్పటికీ, వాటిని పంచుకోవడంలో తలెత్తే సమస్య మాత్రం నానాటికీ జటిలమవుతోంది. వేగంలోనూ, స్వభావంలోనూ ఒకదానితో ఒకటి పొంతన లేని ప్రాసెసర్లు ఒకే గదిలోకి చేరడమే ఇందుకు ప్రధాన కారణం. యంత్రాలన్నీ ఒకే తీరువి అయినప్పుడు తలా ఒక వాటా సమానంగా పంచితే సరిపోయేది. యంత్రాలు భిన్నమైనవి అయినప్పుడు అదే పద్ధతి పాటిస్తే ప్రజాధనంతో కొన్న సామర్థ్యం వృథా కావడమే గాక, కొందరికి అన్యాయం కూడా జరుగుతుందని పరిశోధనలు తేటతెల్లం చేస్తున్నాయి.

ఈ వ్యవహారంలో ఇమిడి ఉన్న ధనం తక్కువేమీ కాదు. 2015లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ అంచనా వ్యయం 4,500 కోట్ల రూపాయలు. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఇండియా ఎ.ఐ. మిషన్‌కు అయిదేళ్ల కాలానికి 10,371.92 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇంత ఖర్చుతో సమకూరిన యంత్రాలపై ఏ గంటలో ఎవరి లెక్క నడవాలో నిమిష నిమిషానికీ నిర్ణయించేది షెడ్యూలర్ అనే ఒక ప్రోగ్రాం. విధానం అధికారులదే అయినా అమలు దానిదే.

కాలువ కింద సేద్యం చేసే వారికి ఈ చిక్కు కొత్తది కాదు. తూము దగ్గరి పొలాలకు నీరు పుష్కలంగా పారి, చివరి ఆయకట్టు ఎండిపోవడం వారు ఎరిగినదే. అందుకే వారబందీ పద్ధతి వచ్చింది; వంతు తప్పకుండా చూసే నీరటికాడు వచ్చాడు. సూపర్ కంప్యూటర్‌లో షెడ్యూలర్ నిర్వహించే పాత్ర నీరటికాడిదే. అయితే నీరటికాడు పంచేది ఒకే రకం నీరు. షెడ్యూలర్ పంచే గంటలు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఫలిస్తాయి.

ఒకే గదిలో రకరకాల యంత్రాలు

భారత సూపర్ కంప్యూటర్ల చరిత్ర నిరాకరణతో మొదలైంది. శక్తిమంతమైన క్రే యంత్రాన్ని అమ్మేందుకు 1980వ దశకంలో అమెరికా సమ్మతించకపోవడంతో, స్వదేశీ యంత్ర నిర్మాణం కోసం 1988లో పుణెలో సీ-డాక్ సంస్థ ఏర్పాటయింది. ఆ సంస్థ 1991లో ఆవిష్కరించిన పరమ్ 8000లో ట్రాన్స్‌ప్యూటర్లనే ఒకే జాతి ప్రాసెసర్లను వరుసగా కలిపారు. ఏ పనిని ఏ ప్రాసెసర్‌కు అప్పగించినా దాదాపు ఒకే సమయం పట్టేది కనుక, పంపకం సులువుగానే సాగేది.

నేటి పరిస్థితి వేరు. 2019లో వారణాసిలోని కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఐ.ఐ.టి.లో ప్రారంభమైన పరమ్ శివాయ్ మొదలు, 2022లో బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థలో నెలకొల్పిన 3.3 పెటాఫ్లాప్‌ల పరమ్ ప్రవేగ వరకూ, ఐ.ఐ.టి. హైదరాబాద్‌లోని 838 టెరాఫ్లాప్‌ల పరమ్ సేవతో సహా, ఈ శ్రేణి యంత్రాలన్నింటిలోనూ భిన్న జాతుల నోడ్లు ఉన్నాయి. కొన్నింటిలో సాధారణ ప్రాసెసర్లే ఉంటాయి. కొన్నింటికి జ్ఞాపకశక్తి అధికం. మరి కొన్నింటికి గ్రాఫిక్స్ ప్రాసెసర్లు, అంటే జి.పి.యు.లు జోడించి ఉంటాయి. సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు చేయగల శక్తిని ఒక పెటాఫ్లాప్ అంటారు. టెరాఫ్లాప్ అందులో వెయ్యో వంతు.

సాధారణ ప్రాసెసర్ ఏ తరహా పనినైనా ఓపికగా చక్కబెట్టగలదు. జి.పి.యు.లో వేలాది చిన్న గణన విభాగాలు ఉంటాయి. ఒకే రకం లెక్కను లక్షలాది సంఖ్యలపై ఏకకాలంలో చేయవలసి వచ్చినప్పుడు దాని వేగానికి సాటి లేదు. కృత్రిమ మేధకు సంబంధించిన పనులు ఎక్కువగా ఈ కోవకే చెందుతాయి. అడుగడుగునా షరతులు మారే లెక్కలకు మాత్రం జి.పి.యు. వల్ల కలిగే ప్రయోజనం స్వల్పం. అంటే ఫలానా యంత్రం ఎంత వేగవంతమైనది అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అది చేసే పనిని బట్టి మారుతుంది.

ఇండియా ఎ.ఐ. మిషన్ కింద అద్దెకు లభించే యంత్రాల్లో వైవిధ్యం మరింత ఎక్కువ. ఎన్విడియా, ఎ.ఎం.డి., ఇంటెల్ సంస్థలు తయారుచేసిన భిన్న తరాల ప్రాసెసర్లు అందులో ఉన్నాయి. తొలి విడతలో 18,693 జి.పి.యు.లు ఖరారైనట్లు 2025 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. వాటి అద్దె సగటున గంటకు 115.85 రూపాయలుగా తేలింది. అర్హులైన వినియోగదారులకు వ్యయంలో 40 శాతం వరకూ రాయితీ లభిస్తుంది. అదే ఏడాది మే నాటికి జి.పి.యు.ల సంఖ్య 34 వేలు దాటింది.

ఖాళీగా ఉన్నదే మేలైనది కాదు

పనుల పంపకంలో మొదటి లక్ష్యం సామర్థ్యం. ఖాళీగా కనిపించిన యంత్రానికి చేతికందిన పని అప్పగించడమే సమర్థత అని పైకి అనిపిస్తుంది. ఒక చిన్న ఉదాహరణ ఈ భావనలోని లోపాన్ని బయటపెడుతుంది.

ఒక కేంద్రంలో ఒక సాధారణ యంత్రం, ఒక జి.పి.యు. యంత్రం ఉన్నాయనుకుందాం. మొదటి పనికి సాధారణ యంత్రంపై 4 గంటలు, జి.పి.యు.పై 3 గంటలు పడుతుంది. రెండవ పనికి సాధారణ యంత్రంపై 12 గంటలు, జి.పి.యు.పై 2 గంటలు చాలు. ముందు వచ్చిన పని కనుక మొదటిదానికి వేగవంతమైన జి.పి.యు. ఇచ్చి, రెండవదాన్ని ఖాళీగా ఉన్న సాధారణ యంత్రంపైకి తోస్తే రెండు పనులూ ముగియడానికి 12 గంటలు పడుతుంది. రెండవ పనిని 3 గంటలు ఆపి, తర్వాత జి.పి.యు.పైనే నడిపిస్తే 5 గంటల్లో అంతా పూర్తవుతుంది. మొదటి పనికి సాధారణ యంత్రం, రెండవ పనికి జి.పి.యు. కేటాయిస్తే 4 గంటలే చాలు. యంత్రాలు అవే, పనులు అవే. వంతు మార్చడంతోనే కాలం మూడో వంతుకు తగ్గింది.

ఒక పని ముగిస్తే గాని మరొకటి మొదలు కాని సందర్భాల్లో ఈ లెక్క ఇంకా చిక్కుపడుతుంది. ఇందుకోసం 2002లో ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన హెఫ్ట్ అనే పద్ధతి నేటికీ కొలబద్దగా నిలుస్తోంది. తన వెనుక పొడవైన పనుల గొలుసు ఉన్న పనికి ఈ పద్ధతిలో ప్రాధాన్యం ఇస్తారు. ఆపై ఏ యంత్రంపై అది అందరికన్నా ముందు ముగుస్తుందో చూసి దానికే అప్పగిస్తారు. ఎప్పుడు మొదలవుతుందన్నది కాక, ఎప్పుడు ముగుస్తుందన్నదే ఇక్కడ ప్రమాణం.

యంత్రాలు పెంచితే ఆలస్యం తప్పకుండా తగ్గుతుందన్న నమ్మకం కూడా సరికాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చెందిన గణిత శాస్త్రవేత్త రొనాల్డ్ గ్రాహం 1966లోనే ఇందుకు భిన్నమైన నిజాన్ని నిరూపించారు. ఒకదానిపై ఒకటి ఆధారపడిన పనులను జాబితా ప్రకారం పంచేటప్పుడు, ఒక ప్రాసెసర్‌ను అదనంగా చేర్చినా, పనుల నిడివి తగ్గించినా, మొత్తం పని మరింత ఆలస్యం అయ్యే సందర్భాలు ఉన్నాయని ఆయన చూపారు. కొనుగోళ్లతోనే సమస్య తీరుతుందని భావించే వారు గుర్తుంచుకోదగిన ఫలితమిది.

వరుసలో న్యాయం

రెండవ లక్ష్యం న్యాయం. ముందు వచ్చిన వారికి ముందు అన్న నియమం ఒక్కటే పాటిస్తే, ఒకే విభాగం తెల్లవారేసరికి వెయ్యి పనులు క్యూలో నింపి, మిగిలిన వారిని వారం రోజులు నిలబెట్టగలదు. దీన్ని అరికట్టే ఉపాయాన్ని ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1988లో ప్రచురించారు. ప్రతి వినియోగదారుకూ ఒక న్యాయమైన వాటా నిర్ణయిస్తారు. ఇటీవల ఆ వాటాకు మించి వాడిన వారి ప్రాధాన్యం తగ్గుతుంది. వాడని వారిది పెరుగుతుంది. పాత వాడకం లెక్క కాలం గడిచేకొద్దీ కరిగిపోతుంది.

పరమ్ శ్రేణి యంత్రాల్లో వాడుకలో ఉన్న స్లర్మ్ అనే షెడ్యూలర్‌లో ఈ సూత్రమే ఒక ముఖ్యాంశం. నిర్వాహకులు వేరే విధంగా నిర్ణయించని పక్షంలో, అందులో పాత వాడకం బరువు ఏడు రోజులకు సగం చొప్పున తగ్గుతూ వస్తుంది. క్యూలో ఎంత కాలంగా వేచి ఉన్నారు, ఎన్ని నోడ్లు అడిగారు, పని ఏ కోవకు చెందినది అన్న అంశాలను కూడా కలిపి ప్రాధాన్యం లెక్కగట్టవచ్చు.

మధ్య ఖాళీలను వినియోగించుకునే మార్గం కూడా ఉంది. వంద నోడ్ల యంత్రంలో 60 నోడ్లు మరో 5 గంటలు తీరికగా ఉండవనుకుందాం. వరుసలో మొదట ఉన్న పనికి 80 నోడ్లు కావాలి. అంతవరకూ 40 నోడ్లు ఖాళీగా పడి ఉండవలసిందేనా? వెనుక ఉన్న మరో పనికి 30 నోడ్లు 3 గంటలు చాలునంటే దానిని ముందుగా నడిపించవచ్చు. 5 గంటలు గడిచేలోగా అది ముగుస్తుంది కనుక మొదటి వారికి నష్టం లేదు. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో 1995 ప్రాంతంలో రూపొందిన ఈ పద్ధతి తర్వాత ప్రపంచమంతటా వ్యాపించింది. అయితే వినియోగదారులు తమ పనికి పట్టే సమయాన్ని ముందుగా అంచనా వేసి చెప్పాలి. ఎక్కువ చెబితే ఖాళీల్లో చోటు దొరకదు. తక్కువ చెబితే గడువు తీరగానే పని మధ్యలోనే ఆగిపోతుంది.

మిశ్రమ యంత్రాల్లో ఈ లెక్కకు మరో చిక్కు ఎదురవుతుంది. జి.పి.యు.పై ఒక గంట సాధారణ ప్రాసెసర్‌పై ఎన్ని గంటలకు సమానం? ఈ తూకాన్ని నిర్వాహకులే నిర్ణయించాలి. తక్కువగా నిర్ణయిస్తే అవసరం లేని వారు కూడా జి.పి.యు.ల కోసం ఎగబడతారు. ఎక్కువగా నిర్ణయిస్తే ఖరీదైన యంత్రాలు ఖాళీగా పడి ఉంటాయి. అందరికీ సరిపోయే తూకం ఒకటంటూ లేదు. ఎందుకంటే అదే జి.పి.యు. ఒకరికి ఒకటింబావు రెట్లు, మరొకరికి అయిదు రెట్లు ఉపయోగపడుతుంది.

అబద్ధానికి లాభం లేని పద్ధతి

ఒకరికి ప్రాసెసర్లు ఎక్కువ కావాలి, మరొకరికి జ్ఞాపకశక్తి ఎక్కువ కావాలి. అప్పుడు సమానం అనే మాటకు అర్థమేమిటి? అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఇందుకొక జవాబు ప్రతిపాదించారు. ప్రతివారూ ఏ వనరును అధిక నిష్పత్తిలో వాడతారో గుర్తించి, ఆ ప్రధాన వాటాలను సమానం చేయాలన్నదే దాని సారాంశం.

వారు ఇచ్చిన ఉదాహరణ సరళమైనది. మొత్తం 9 ప్రాసెసర్లు, 18 గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉన్నాయి. మొదటి వ్యక్తి చేసే ఒక్కో పనికి 1 ప్రాసెసర్, 4 గిగాబైట్లు కావాలి. రెండవ వ్యక్తి పనికి 3 ప్రాసెసర్లు, 1 గిగాబైట్ కావాలి. మొదటి వారికి 3 పనులు, రెండవ వారికి 2 పనులు నడుపుకొనే అవకాశం ఇస్తే, ఒకరు జ్ఞాపకశక్తిలో మూడింట రెండు వంతులు, మరొకరు ప్రాసెసర్లలో మూడింట రెండు వంతులు పొందుతారు. ఇద్దరి ప్రధాన వాటా సమానమవుతుంది. అవసరాన్ని అబద్ధంగా పెంచి చెప్పినందువల్ల ఎవరికీ ప్రయోజనం కలగకపోవడం ఈ పద్ధతిలోని విశేషం. పదిమంది పంచుకునే చోట ఈ గుణం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

గాండీవం చూపిన దారి

వేగాల్లో తేడా ఉన్న జి.పి.యు.ల పంపకం విషయంలో ఒక ముఖ్యమైన అడుగు భారతదేశం నుంచే పడింది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రానికి చెందిన శాస్త్రవేత్తలు 2018లో సహచరులతో కలిసి, కృత్రిమ మేధ పనుల కోసం ఒక షెడ్యూలర్‌ను ప్రకటించారు. దానికి వారు అర్జునుడి వింటి పేరు పెట్టి గాండీవ అన్నారు. సామర్థ్యాన్ని, న్యాయాన్ని సమన్వయపరిచే దాని తదుపరి రూపాన్ని 2020లో వెలువరించారు. ఇచ్చిపుచ్చుకోవడమే అందులోని కీలకాంశం.

దాని వెనుక ఉన్న ఆలోచనను ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. వేగవంతమైన జి.పి.యు.లు 4, పాతవి 4 ఉన్నాయి. రెండు బృందాలకు సమాన హక్కు ఉంది. పాత జి.పి.యు. ఒక గంటలో చేసే పనిని 1గా తీసుకుందాం. మొదటి బృందం పని కొత్త జి.పి.యు.పై 1.2 రెట్లు మాత్రమే వేగంగా సాగుతుంది. రెండవ బృందం పని 5 రెట్లు వేగంగా సాగుతుంది.

ఒక్కో రకంలో చెరి సగం పంచితే మొదటి బృందానికి గంటకు 4.4, రెండవ బృందానికి 12 చొప్పున పని జరుగుతుంది. మొత్తం 16.4. సామర్థ్యమే పరమావధిగా కొత్తవన్నీ రెండవ బృందానికి, పాతవన్నీ మొదటి బృందానికి ఇస్తే మొత్తం 24కు చేరుతుంది. కానీ మొదటి బృందం వాటా 4.4 నుంచి 4కు పడిపోతుంది. దేశం మొత్తం మీద పని పెరిగిందని చెప్పి వారిని ఒప్పించడం కష్టం.

ఈ రెండింటి నడుమ మూడవ మార్గం ఉంది. మొదటి బృందం తనకున్న రెండు కొత్త జి.పి.యు.లలో ఒకటి రెండవ బృందానికి ఇచ్చి, బదులుగా రెండు పాతవి తీసుకుంటుంది. అప్పుడు మొదటి బృందం పని 5.2కు, రెండవ బృందం పని 15కు పెరుగుతుంది. మొత్తం 20.2. సమాన పంపకంతో పోల్చితే ఎవరికీ నష్టం లేదు. అదనంగా ఒక్క రూపాయి వెచ్చించకుండానే ఇద్దరికీ లాభం చేకూరింది. ఎవరి పని ఏ జి.పి.యు.పై ఎంత వేగంగా సాగుతుందో షెడ్యూలరే నడిపి చూసి కొలుస్తుంది కనుక, ఈ బేరం వినియోగదారుల మాటలపై ఆధారపడి ఉండదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు గావెల్ పేరిట 2020లోనే వెలువరించిన మరో పద్ధతి కూడా, పంపకానికి పూర్వమే ప్రతి పనికీ ప్రతి యంత్రంపై ఉండే వేగాన్ని లెక్కలోకి తీసుకోవాలని సూచించింది.

పెద్ద పని, చిన్న పని

అన్ని తగవులూ బేరంతో తీరేవి కావు. 2025 ఏప్రిల్‌లో స్వదేశీ భాషా నమూనా నిర్మాణానికి ఎంపికైన బెంగళూరు సంస్థ సర్వంకు 4,096 జి.పి.యు.లు ఆరు నెలల పాటు కేటాయించాలని ప్రభుత్వం నిర్ణయించింది. 180 రోజులుగా లెక్కిస్తే అది సుమారు 1 కోటి 77 లక్షల జి.పి.యు. గంటలకు సమానం. అవే గంటలను విద్యార్థికి వెయ్యి చొప్పున పంచితే 17 వేల మందికి పైగా వినియోగించుకోవచ్చు.

అయితే పెద్ద నమూనా శిక్షణను ముక్కలు చేసి, దొరికిన జి.పి.యు.పై దొరికినంత సేపు నడపడం సాధ్యపడదు. వేలాది జి.పి.యు.లు ఏకకాలంలో కలిసి పనిచేయాలి. ఒకటి వెనుకబడితే మిగిలినవన్నీ దాని కోసం ఆగుతాయి. భారతీయ భాషలకు స్వంత నమూనాలు కావాలనుకుంటే ఒకే చోట పెద్ద కేటాయింపు తప్పదు. అదే సమయంలో, ఒక జిల్లా కళాశాలలోని పరిశోధక విద్యార్థికి వంద గంటలు దొరకక సిద్ధాంత వ్యాసం ఆగిపోతే దాని నష్టం ఏ లెక్కలోనూ కనిపించదు. ఎంత భాగం పెద్ద పనులకు, ఎంత భాగం చిన్న పనులకు అన్నది ప్రోగ్రాం తేల్చగలిగే ప్రశ్న కాదు. అది విధాన నిర్ణయం.

కొన్ని పనులకు క్యూ అన్నదే పనికిరాదు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన కోస్తా ప్రజలకు తుఫాను హెచ్చరిక ఒక పూట ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పవలసిన పని లేదు. అందుకే వాతావరణ సూచనలకు దేశంలో ప్రత్యేక యంత్రాలు ఉన్నాయి. 2018లో పుణెలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ ఏర్పాటయ్యాయి. 2024 సెప్టెంబరులో 11.77 పెటాఫ్లాప్‌ల అర్క, 8.24 పెటాఫ్లాప్‌ల అరుణిక ప్రారంభమయ్యాయి. ప్రత్యూష్‌పై 10 గంటల వరకూ పట్టే సూచనల లెక్కింపు అర్కపై 4 గంటల్లో ముగుస్తుందని 2025 మేలో అధికారులు వెల్లడించారు. అక్కడ న్యాయం అంటే వాటా కాదు, గడువు.

నిబంధనలు నలుగురికీ తెలియాలి

షెడ్యూలర్ నిష్పక్షపాతమైన యంత్రమన్న అభిప్రాయం సరికాదు. ఎవరికెంత వాటా, జి.పి.యు. గంటకు ఎంత తూకం, పెద్ద పనికి ఎంత ప్రాధాన్యం అన్న అంకెలను మనుషులే అందులో పొందుపరుస్తారు. ఆ అంకెలు మారితే ఎవరు వారం ఆగాలో, ఎవరు గంటలో పని ముగించుకోవాలో మారిపోతుంది. కాలువ కింద వారబందీ పట్టిక ఊరందరికీ తెలిసే ఉంటుంది కనుకనే, తగవు వచ్చినప్పుడు దానిని చూపి అడగగలుగుతారు.

సూపర్ కంప్యూటర్ల విషయంలోనూ అటువంటి ఏర్పాటు అవసరం. ఒక్కో కేంద్రం పాటించే ప్రాధాన్య నియమాలను, ఒక్కో తరహా పని సగటున ఎంత కాలం నిరీక్షించవలసి వస్తున్నదీ, ఏ రకం ప్రాసెసర్లు ఎంత సమయం ఖాళీగా ఉంటున్నదీ క్రమం తప్పకుండా ప్రకటించినట్లయితే, కొత్త యంత్రం కొనవలసి ఉందా లేక ఉన్న వాటి వంతులు సరిదిద్దితే చాలునా అన్నది పన్ను చెల్లించే పౌరుడికి కూడా తెలుస్తుంది. కోట్లు వెచ్చించి కొన్న యంత్రాలు నాలుగైదేళ్లలో పాతబడిపోతాయి. వృథాగా గడిచిన గంటను తిరిగి తెచ్చుకోవడం సాధ్యం కాదు కనుక, పంపకంపై కొనుగోళ్లతో సమానంగా శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.